ఓనరు దగ్గరున్న అడ్వాన్సు అత్యవసర నిధి కాదు

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. బెంగళూరులో రెండేళ్లుగా కాంట్రాక్టు పద్ధతిలో సాఫ్ట్‌వేర్ టెస్టర్‌గా పనిచేస్తున్నాను. నెలకు చేతికి 52,000 రూపాయలు వస్తాయి. మారతహళ్లి దగ్గర మిత్రుడితో కలిసి ఉంటున్న ఇంటికి నా వాటా అద్దె 11,000. అనంతపురంలో అమ్మానాన్నలకు 12,000 పంపుతాను. ఇవి కలుపుకొని మొత్తం ఖర్చు 42,000. బ్యాంకులో 38,000, ఇంటి అడ్వాన్సు కింద ఓనరు దగ్గర 1,10,000 ఉన్నాయి. ఆదివారాలు నలుగురం కలిసి బ్యాండు వాయిస్తాం. ఇంట్లో సాధనకూ బ్యాండుకూ ఒకటే సరిపోయేలా 76,000 రూపాయల 100 వాట్ల వాల్వ్ ఆంప్ (గాజు వాల్వులతో గిటారు శబ్దాన్ని పెంచే పెట్టె) కొనాలని ఉంది. కార్డు మీద 12 నెలల నో-కాస్ట్ ఈఎంఐ మేలా, యాప్ ఇస్తానన్న 18 నెలల లోను మేలా? వడ్డీ 28 శాతం అంటున్నారు. ఏదైనా ఇబ్బంది వస్తే అడ్వాన్సు ఎలాగూ ఉంది కదా.

జవాబు: మీ ఉత్తరంలోని ఆఖరి వాక్యం కోసమే దీనిని ఎంచుకున్నాను. బెంగళూరులో అద్దెకుండే మనవాళ్లలో చాలామంది ఇదే ధీమాతో ఉంటారు. పది నెలల అద్దె ఓనరు చేతిలో పెట్టి, దానిని తమ పొదుపుగా లెక్కవేసుకుంటారు. ఆ డబ్బు మీదే, కాదనను. అయితే అది మీ చేతికి ఎప్పుడు వస్తుంది? ఇల్లు ఖాళీ చేశాక. మీకు డబ్బు అవసరమయ్యేది ఎప్పుడు? కంపెనీ కాంట్రాక్టును పొడిగించని నెలలో. అంటే ఒక చేత్తో ఉద్యోగం వెతుక్కుంటూ, రెండో చేత్తో సామాను సర్దుకుని, తలదాచుకోవడానికి ఇంకో ఇంటికి మళ్లీ అడ్వాన్సు కట్టవలసిన రోజుల్లో ఆ 1,10,000 మీకు అక్కరకు రావాలన్నమాట. అందులోనూ పెయింటింగ్ పేరిట ఒక నెల అద్దె కోసుకోవడం ఈ ఊళ్లో మామూలు. పైగా అద్దె అగ్రిమెంటు మీ మిత్రుడి ఒక్కడి పేరు మీదే ఉందేమో చూసుకోండి. అలా ఉంటే, మీ వాటా మీదని చెప్పే కాగితం కూడా మీ దగ్గర లేనట్టే.

కాబట్టి మీ అత్యవసర నిధి 38,000 మాత్రమే. అది మీ ఒక్క నెల ఖర్చుకు కూడా చాలదు.

ఇంకో లెక్క దీనికన్నా ఇబ్బందికరమైనది. ఆదాయం 52,000, ఖర్చు 42,000 అని రాశారు. నెలకు 10,000 మిగలాలి. ఈ ఉద్యోగంలో రెండేళ్లుగా ఉన్నారు కాబట్టి మీ లెక్క ప్రకారమే బ్యాంకులో 2,40,000 ఉండాలి, ఉన్నది 38,000. ఓనరుకు ఇచ్చిన 1,10,000 అందులోంచే కట్టారనుకున్నా, తక్కిన తొంభై వేలకు పైగా ఎటు పోయాయో మీరు రాయలేదు, బహుశా మీకూ తెలియదు. కాగితం మీద మిగిలే డబ్బుతో వాయిదా కట్టడం ఎవరి వల్లా కాదు. వాయిదాలు తప్పేవాళ్లలో చాలామంది దురలవాట్లున్నవాళ్లు కాదు, ఇలా మిగులు ఉందనుకుని మొదలుపెట్టినవాళ్లే.

ఇక మీరు అడిగిన రెండు అప్పుల సంగతి. మీరు జతచేసిన లోను యాప్ స్క్రీన్‌షాట్‌లో 76,000 అన్న అంకె తెరంతా నిండి ఉంది, ప్రాసెసింగ్ ఫీజు 3 శాతమన్న మాట అడుగున భూతద్దం పెడితే గాని కనబడదు. ఆ ఫీజునూ, దాని మీద జీఎస్టీనీ ముందే మినహాయించుకుంటే మీ ఖాతాలో పడేది సుమారు 73,300. ఆంప్ కొనడానికే ఇంకో 2,700 మీరు జేబులోంచి వేయాలి! ఆ తరువాత నెలకు దాదాపు 5,220 చొప్పున పద్దెనిమిది నెలలు కడితే మొత్తం 94,000 చేరువ అవుతుంది. ఆదివారం సరదాకు ఇరవై వేలకు పైగా అదనం. 'ప్రీ-అప్రూవ్డ్' అని పేరు పెట్టినంత మాత్రాన అప్పు ఆదాయమైపోదు. ఆ యాప్‌ను ఈ ఉత్తరం చదవడం అయ్యేలోగా ఫోనులోంచి తీసేస్తే సంతోషిస్తాను. నో-కాస్ట్ ఈఎంఐ దీనికన్నా నయమే గాని ఉచితం కాదు. సున్నా శాతం వడ్డీ అనేదే లేదని రిజర్వ్ బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులకు చెప్పింది. ధరలో తగ్గించినట్టు చూపే వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మీరే కట్టాలి, ఫీజు వేరు, ఒక్క నెల బిల్లు తప్పితే పడేది కార్డు వడ్డీ. అది ఏడాదికి నలభై శాతం దాటడం మామూలే.

ఆంప్ విషయంలోనూ మీరు పొరబడుతున్నారనే నా అభిప్రాయం. నేను గిటారిస్టును కాను, అయినా ఖర్చుకు తగిన ప్రయోజనం ఉందా అని చూడడం నా పని కదా. వాట్లు రెట్టింపైతే శబ్దం రెట్టింపు కాదు. 50 నుంచి 100 వాట్లకు వెళితే పెరిగేది 3 డెసిబెల్స్, చెవికి రెట్టింపు అనిపించాలంటే దాదాపు పది రెట్ల వాట్లు కావాలి. వాల్వ్ ఆంప్‌లో మీరు కోరుకునే ఆ చిక్కటి మోత చాలావరకు దాని వాల్యూమ్‌ను గట్టిగా తెరిచినప్పుడే వస్తుంది. పక్క ఫ్లాటులో పసిపిల్ల నిద్రపోతుంటే 100 వాట్లను మీరు ఎప్పుడు తెరుస్తారు? పైగా వాల్వులు అరిగిపోయే వస్తువులు, వాటిని మార్చే ఖర్చు ఉండనే ఉంటుంది. డ్రమ్స్‌తో కలిసి వాయించేటప్పుడు పెద్ద ఆంప్ అవసరమన్నది నిజమే గాని, గంటకింత అని అద్దె తీసుకునే జామ్ రూముల్లో డ్రమ్స్‌తోపాటు ఆంప్‌లు కూడా సాధారణంగా ఉంటాయి, మీరు గిటారూ పెడలూ పట్టుకెళితే చాలు. ఇంటికి కావలసింది హెడ్‌ఫోన్స్ పెట్టుకునే వీలున్న పది ఇరవై వాట్ల చిన్న ఆంప్. పది వేల చుట్టుపక్కల దొరుకుతుంది, సెకండ్‌హ్యాండ్‌లో ఇంకా తక్కువకు. రెండింటికీ ఒకటే కావాలన్న పట్టుదల మీకుంటే, బాస్ కంపెనీ కటానా-50 వంటి ఆంప్‌లలో శక్తిని అర వాటుకు తగ్గించుకునే మీట ఉంటుంది, దాని గురించి తరువాత ఆలోచించవచ్చు.

చేయవలసింది ఇది. జీతం పడిన రోజునే 10,000 వేరే బ్యాంకు ఖాతాకు దానంతటదే వెళ్లే ఏర్పాటు చేయండి, ఆ ఖాతాకు డెబిట్ కార్డు, యూపీఐ వద్దు. మూడు నెలలు దానిని ముట్టకుండా ఉండగలిగితే 68,000 అవుతుంది, మీ మిగులు నిజమైనదేనని కూడా తేలుతుంది. నాలుగో నెల పది వేలతో చిన్న ఆంప్ కొనుక్కోండి, నేను అడ్డుచెప్పను. అయిదో నెల నుంచి మళ్లీ నిధికే జమ చేస్తే పదో నెలకు 1,28,000, అంటే మూడు నెలల ఖర్చు చేతిలో ఉంటుంది. కాంట్రాక్టు ఉద్యోగికి నేను ఆరు నెలలది అడుగుతాను గాని, ముందు ఇది కానివ్వండి. మధ్యలో ఎవరైనా అధిక రాబడి ఆశ చూపినా ఈ డబ్బు షేర్లకూ చీటీలకూ వెళ్లకూడదు.

కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమా కాంట్రాక్టుతోనే ముగుస్తుంది కాబట్టి సొంత పాలసీ ఒకటి తీసుకోండి. నలుగురూ కలిసి ఆంప్ కొనుక్కోవచ్చు గాని, బ్యాండు విడిపోతే అది ఎవరింటికి వెళ్లాలో ముందే రాసుకోండి. బంగారం తాకట్టు పెట్టి ఆంప్ కొనడం గురించి నన్ను అడగవద్దు.

పదో నెల తరువాత పెద్ద ఆంప్ గురించి మళ్లీ రాయండి, అప్పటికి రొక్కంతో కొనే ధర మాట్లాడుకుందాం. ఈలోగా ఓనరుతో మాట్లాడి అగ్రిమెంటులో మీ పేరూ, మీరు ఇచ్చిన అడ్వాన్సు మొత్తమూ రాయించుకోండి.