ఖాళీ సైటు కనిపిస్తే చాలు, కవరు విసిరేస్తున్నారు!

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు చెత్త గురించే. అన్నీ విశాఖ నుంచే. 2022 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో దేశంలోనే 4వ ర్యాంకు తెచ్చుకున్న ఊరు కదా, అక్కడివాళ్ళకి ఈ బాధేంటి అనుకోకండి. ర్యాంకు మెయిన్ రోడ్డుది, ఉత్తరాలు సందు చివరివి.

ప్రశ్న: మా వీధి చివర ఒక ఖాళీ సైటు ఉంది, ఓనరు అమెరికాలో ఉంటారట. రాత్రి పది దాటాక బైకుల మీద వచ్చి కవర్లు విసిరేసి పోతున్నారు. వార్డు సచివాలయంలో చెబితే జేసీబీ తెచ్చి ఎత్తించారు, వారం తిరక్కుండానే మళ్ళీ అదే కుప్ప. అందరం చందాలు వేసుకుని సీసీ కెమెరా పెట్టిద్దామనుకుంటున్నాం. ఆగుతుందంటారా?
– గృహిణి, మురళీనగర్

జవాబు: కొన్నాళ్ళు ఆగుతుందండీ. తర్వాత హెల్మెట్ తీయకుండా వస్తారు, లేదంటే పక్క వీధి సైటుకి పోతారు, అప్పుడు ఆ వీధివాళ్ళు నాకు ఉత్తరం రాస్తారు. చందా డబ్బు ఖర్చు పెట్టేముందు ఒక పని చేయండి. పొద్దున్నే ఎవరైనా ఇద్దరు గ్లవ్స్ వేసుకుని నాలుగు కవర్లు విప్పి చూడండి. అసహ్యమే, కానీ సగం సంగతి అక్కడే తెలిసిపోతుంది. కూరగాయ తొక్కులు, డైపర్లు ఉంటే ఇళ్ళవాళ్ళు. ఇడ్లీ ప్లేట్లు, చట్నీ కవర్లు గుట్టగా ఉంటే టిఫిన్ బండి. ఈకలుంటే చెప్పక్కర్లేదు. షాపువాళ్ళయితే నెమ్మదిగా నచ్చజెప్పే పనేం లేదు, నేరుగా శానిటరీ ఇన్‌స్పెక్టర్‌కి చెప్పండి, రోజూ వ్యాపారం చేసుకునే మనిషి తన చెత్తకి తనే ఏర్పాటు చేసుకోవాలి.

ఇళ్ళవాళ్ళ సంగతి వేరు. మన ఊరు షిఫ్టుల ఊరు. స్టీల్ ప్లాంటు, పోర్టు, పరవాడ ఫార్మా కంపెనీలు, చీకటితోనే కంపెనీ బస్సు ఎక్కేవాళ్ళు ఎంతమందో. చెత్త బండి విజిల్ వేసుకుంటూ వచ్చేసరికి ఆ ఇంటికి తాళం. రెండ్రోజులు వంటింట్లో ఉంచితే మన ఉక్కకి పురుగు పడుతుంది, మూడో రోజు ఆ కవరు బైకు హ్యాండిల్‌కి తగులుకుంటుంది. వాళ్ళని వెనకేసుకొస్తున్నానని అనుకోవద్దు, చేసేది తప్పే. కాకపోతే చెత్త ఇవ్వడానికి ఒక దారి చూపించకుండా ఎంత తిట్టినా ఆ కవరు ఎక్కడో ఒకచోట పడే తీరుతుంది. తాళం వేసి వెళ్ళేవాళ్ళు తడి, పొడి బకెట్లు గేటు లోపల పెట్టి వెళ్తే, కింద వాటా ఆవిడో వాచ్‌మనో బండికి అందించే ఏర్పాటు చేసుకోండి. నెలకి ఎంతో కొంత ఇచ్చుకున్నా కెమెరా కన్నా చవకే. అలాంటి ఇళ్ళు ఎక్కువుంటే, బండి వచ్చే టైము మార్చమని సచివాలయంలో శానిటేషన్ సెక్రటరీకి అందరూ సంతకాలు పెట్టి ఇవ్వండి.

ఇక సైటు. జేసీబీతో ఎత్తించాక వదిలేయడమే అసలు పొరపాటు. శుభ్రం చేసిన మర్నాడు పడే మొదటి కవరుంది చూశారూ, దాన్ని ఆ ఉదయమే తీసేయాలి. అది సాయంత్రం దాకా ఉంటే రెండోది పడుతుంది, కుప్ప కనిపిస్తే ‘ఇక్కడ వేయొచ్చు కాబోలు’ అని ఎవరికైనా అనిపిస్తుంది. కొన్ని వారాలు ఈ కాపలా తప్పదు, అందుకే వంతులు వేసుకోండి. ఓనరు అమెరికాలో ఉన్నా ఖాళీ స్థలం పన్ను ఎవరో ఒకరి పేరునే ఉంటుంది కాబట్టి ఆ పేరుకి నోటీసు పంపమని, కంచె వేయించమని కార్పొరేషన్‌కి రాయండి. ప్రహరీ కన్నా ఇనుప మెష్ మేలని నా అభిప్రాయం. గోడ కడితే దాని వెనక ఏముందో ఎవరికీ కనపడదు, పైనుంచి విసిరేస్తారు.

అన్నట్టు, దేవుడి టైల్స్ అతికించమని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. నేను చూసినంతలో చెత్త దగ్గర అవి పనిచేయలేదు. వెంకన్న బొమ్మ కింద చికెన్ వేస్టు చూడాల్సి రావడం అదనపు బాధ.

ప్రశ్న: మా దగ్గర గెడ్డ (కొండవాగు) మీద చిన్న వంతెన ఉంది. వచ్చేపోయే ప్రతివాడూ బండి ఆపకుండానే కవరు గెడ్డలోకి గిరాటేస్తున్నాడు. ఎన్నిసార్లు ఫిర్యాదు చేసినా సిబ్బంది లేరు, నిధుల్లేవు అంటున్నారు. చట్టం అనేది ఏమైనా ఉందా?
– రిటైర్డ్ ఉద్యోగి, గోపాలపట్నం

జవాబు: ఉంది సార్, అదీ గట్టిగానే ఉంది. వీధిలో, ఖాళీ స్థలంలో, కాలువలో చెత్త వేయకూడదని, తగలబెట్టకూడదని 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నియమాల్లోనే స్పష్టంగా రాశారు. నిధుల్లేవన్న మాటకైతే సుప్రీంకోర్టు 1980లోనే జవాబు చెప్పింది. మధ్యప్రదేశ్‌లోని రత్లాం మున్సిపాలిటీ మురుగు కంపు మీద అక్కడి జనం కేసు వేస్తే, డబ్బు లేదనే సాకుతో శుభ్రం చేసే బాధ్యత తప్పించుకోవడం కుదరదని జస్టిస్ కృష్ణయ్యర్ తీర్పు ఇచ్చారు. ఆ కేసుకి ఆధారమైన సీఆర్‌పీసీ (పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్) 133 సెక్షనే ఇప్పుడు దాని బదులు వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 152. దాని కింద బహిరంగ ఉపద్రవాన్ని తొలగించమని ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు, అంటే మీకు ఆర్డీవో, ఆదేశం ఇవ్వొచ్చు.

కానీ నోటి మాట మీద ఇది నడవదు. తేదీతో ఫొటోలు తీసి పెట్టుకోండి, సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి, ఆ రసీదులు చేతిలో ఉన్నాకే ఆర్డీవో దగ్గరికి వెళ్ళండి. అర్జీలో ‘చర్యలు తీసుకోగలరు’ అని ముగించొద్దు, వంతెనకి రెండు పక్కలా మనిషి ఎత్తుకి మించి మెష్ కట్టమని అడగండి. బండి ఆపకుండా విసిరేవాడికి అదే పెద్ద ఇబ్బంది. వానాకాలం లోపే తెమిలేలా చూడండి, కొండల మీద కురిసిన నీళ్ళు గంటలో గెడ్డలోకి దిగిపోతాయి, కవర్లు తూముకి అడ్డం పడ్డాయంటే పల్లంలో ఉన్న ఇళ్ళు మునుగుతాయి.

ప్రశ్న: మేం నలుగురు స్టూడెంట్స్‌మి, అద్దె రూములో ఉంటున్నాం. చెత్త పన్ను కట్టలేదు కాబట్టి బండివాళ్ళు తీసుకోరేమో అని టెన్షన్. అందుకే రోడ్డు మీద డబ్బా పక్కన పెట్టేస్తున్నాం.
– విద్యార్థి, మద్దిలపాలెం

జవాబు: 2021లో క్లాప్ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) చెత్త బండ్లతో పాటు వచ్చిన ఆ పన్నుని 2024లో ప్రభుత్వం రద్దు చేసింది బాబూ. ధైర్యంగా బండికే ఇవ్వండి. బిర్యానీ మిగిలింది వేరుగా, ప్లాస్టిక్ డబ్బాలు వేరుగా ఇస్తే ఇంకా మంచిది, కలిపేస్తే కాపులుప్పాడలో చెత్త మండించి కరెంటు తీసే ప్లాంటులో కూడా తడి చెత్త సరిగా మండదు.

ప్రశ్న: బాత్రూం రీమోడల్ చేయించాం. పగలగొట్టిన టైల్స్, ఇటుక ముక్కలు, ఒక పాత పరుపు ఉన్నాయి. ట్రాలీ ఆటో అతను డబ్బిస్తే తీసుకుపోతానంటున్నాడు. ఇవ్వొచ్చా?
– పి.ఎం.పాలెం నుంచి ఒక పాఠకుడు

జవాబు: ఎక్కడ దించుతావని అడిగారా? అడగలేదంటే మీ బాత్రూం రేపు ఏ హైవే పక్కనో, కొండ వాలులోనో దొరుకుతుంది. కట్టడాల శిథిలాలకి 2016 నుంచే విడిగా నియమాలున్నాయి, వాటిని ఇంటి చెత్తలో కలపకూడదు, సరైన చోటికి చేర్చే పూచీ కూల్చినవాళ్ళదే. దించే చోటు ఎక్కడో వార్డు సచివాలయంలో కనుక్కుని, ఆటో అతనికి సగం డబ్బే ముందిచ్చి, దించాక ఫొటో పంపితే మిగతాది ఇవ్వండి. మంచి ఇటుక ముక్కలయితే చుట్టుపక్కల ఇల్లు కట్టేవాళ్ళని అడగండి, బేస్‌మెంట్ ఫిల్లింగ్‌కి వాళ్ళే వచ్చి పట్టుకెళ్తారు. పరుపు దూదిదయితే ఏకేవాళ్ళకి ఇచ్చేయండి, ఫోమ్‌దయితే మాత్రం అది ఎత్తే బండి ఎప్పుడొస్తుందో శానిటేషన్ సెక్రటరీని అడిగి, వచ్చేదాకా మీ మేడ మీదే ఉంచుకోండి.