పండు ఈగల మీద పరిశోధన చేస్తే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ బయోటెక్నాలజీ రెండో ఏడు చదువుతోంది. పండు ఈగల్లో నరాల కణాలు ఎలా తయారవుతాయో పరిశోధన చేస్తానంటోంది. ఈగలు కూడు పెడతాయా? బీఎడ్ చేయించడం నయం కదా?
– ఒక తండ్రి, గుంటూరు

జవాబు: మామిడికాయల్ని పాడుచేసే పండు ఈగ కాదండీ ఇది. మగ్గిన అరటిపండు చుట్టూ ముసిరే నలుసంత ఈగ, డ్రోసోఫిలా. దాని వీపు మీద సన్నని వెంట్రుకలుంటాయి. వెంట్రుక, దాని కుదురు, అడుగున నరకణం, దాన్ని చుట్టుకున్న కణం, ఇవన్నీ ఒకే తల్లి కణం సంతానం. ఆ తల్లి రెండుగా చీలేటప్పుడు నంబ్ అనే ప్రోటీన్ ఒక పక్కకే చేరుతుంది. అది అందిన బిడ్డ వైపు నరకణం పుడుతుంది. అందని బిడ్డలో నాచ్ అనే జన్యువు మాట చెల్లి, వెంట్రుక, కుదురు తయారవుతాయి. నంబ్ జన్యువు పాడైతే నరకణమే ఉండదు, స్పర్శ తెలియదు. ఇంగ్లీషులో నంబ్ అంటే స్పర్శ లేని అని, ఆ పేరు అందుకే. నాచ్ మన ఒంట్లోనూ ఉంది, అదుపు తప్పితే ఒక రకం బ్లడ్ క్యాన్సర్‌కి దారితీస్తుంది. మీ అమ్మాయి చూస్తున్నది ఉత్త ఈగని కాదు.

ఇక డబ్బు సంగతి. ఎమ్మెస్సీ తర్వాత సీఎస్ఐఆర్ నెట్ అనే జాతీయ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయలు, పైన హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం). పీహెచ్‌డీకి ఐదారేళ్లు. ఆ తర్వాత ప్రొఫెసర్ పోస్టులు తక్కువ, పోటీ ఎక్కువ. ఈ మాట దాచి ఆశ పెట్టడం నాకిష్టం లేదు. అందుకే ఇప్పటినుంచే ఆర్, పైథాన్ అనే కంప్యూటర్ భాషలు నేర్చుకోమనండి. జన్యు డేటాని విశ్లేషించడం వస్తే కంపెనీల తలుపులూ తెరుచుకుంటాయి. సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థలు హైదరాబాద్‌లోనే ఉన్నాయి, రెండుచోట్లా ఈగల మీద పనిచేసే ల్యాబులున్నాయి.

కానీ ముందు రెండు నెలలు ఈగల ల్యాబులో పనిచేసి చూడాలి. సైన్స్ అకాడెమీలు ఇచ్చే సమ్మర్ ఫెలోషిప్‌కి అప్లై చేయించండి. అక్కడ మొక్కజొన్న పిండి మేత పోసిన సీసాలో గుడ్డు నుంచి పదిరోజులకే పెద్ద ఈగ వస్తుంది. ఆడ ఈగల్ని జత కట్టకముందే, పుట్టిన ఏడెనిమిది గంటల్లోపు, మైక్రోస్కోపు కింద కుంచెతో ఏరాలి. ఆదివారమైనా సంక్రాంతైనా పొద్దునొకసారి, సాయంత్రమొకసారి. చదివినంత సరదాగా ఉండదు ఈ పని!

సమ్మరయ్యాక, మళ్ళీ వెళ్తానంటుందో లేదో చూసి, అప్పుడు ఎత్తండి బీఎడ్ మాట.