కొట్టే పిల్లవాడికి క్లాస్ టీచర్ ఏం నేర్పగలరు?

ప్రశ్న: నేను జగిత్యాల జిల్లాలోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో తెలుగు ఉపాధ్యాయురాలిని, ఎనిమిదో తరగతికి క్లాస్ టీచర్‌ని. మా తరగతిలో ఒక అబ్బాయి దసరా సెలవుల తర్వాత పూర్తిగా మారిపోయాడు. తండ్రి ఖతార్‌లో పని చేస్తాడు. పండుగకు వస్తానని చెప్పి, సెలవు దొరకక రాలేదు. తల్లి ఇంట్లో బీడీలు చుడుతుంది. పోయిన నెల పక్క పిల్లవాడు ‘మీ బాపు ఇగ రాడంట’ అన్నాడని వాణ్ని కొట్టి, నోట్‌బుక్ చింపేశాడు. అందరి ముందు సారీ చెప్పమంటే బయటికి పరుగెత్తాడు. రెండు తగిలిస్తే దారికొస్తాడని తోటి టీచర్లు, సిలబస్ వెనకబడుతోందని హెడ్మాస్టరు గారు అంటున్నారు. నేను కౌన్సెలర్‌ని కాను కదా! ఇంటికెళ్ళాక ఆ చిరాకంతా ఆరో తరగతి చదివే మా అమ్మాయి మీద చూపిస్తున్నాను. ‘ఊళ్ళో పిల్లల బాధలన్నీ నీకెందుకు’ అంటారు మా వారు. నేనేం చేయాలి?

జవాబు: టీచర్ గారూ, మీరు కౌన్సెలర్ కావలసిన అవసరం లేదు. కోపాన్ని గుర్తుపట్టడం, దాన్ని అదుపులో పెట్టుకోవడం, ఎదుటివాడి బాధ తెలుసుకోవడం, చెడిన స్నేహాన్ని బాగుచేసుకోవడం వంటివాటిని సామాజిక, భావోద్వేగ అభ్యాసం అని విద్యావేత్తలు అంటున్నారు. పిల్లలు వీటిని ముఖ్యంగా తమతో రోజూ గడిపే పెద్దవాళ్ళను చూసి నేర్చుకుంటారు. అమెరికా మనస్తత్వవేత్త జోసెఫ్ డర్లక్, ఆయన సహ పరిశోధకులు 213 పాఠశాల కార్యక్రమాలను, వాటిలో పాల్గొన్న 2,70,000 మందికి పైగా విద్యార్థుల వివరాలను కలిపి పరిశీలించి 2011లో ఒక విశ్లేషణ ప్రచురించారు. బయటి నిపుణులు లేకుండా బడిలోని ఉపాధ్యాయులే నడిపిన కార్యక్రమాలు కూడా మంచి ఫలితాలు ఇచ్చాయని అందులో తేలింది. ఆ పిల్లల చదువు సైతం, కార్యక్రమంలో లేనివారితో పోలిస్తే, సగటున 11 పర్సంటైల్ పాయింట్లు మెరుగుపడింది, అంటే వందమందిలో సరిగ్గా మధ్యన ఉన్న పిల్లవాడు పదకొండు స్థానాలు ముందుకు జరిగినంత. ఇవి ఎక్కువగా అమెరికా బడుల లెక్కలు కాబట్టి మన తరగతికి అచ్చంగా వర్తిస్తాయని నేను చెప్పను. అయితే సిలబస్ గురించి హెడ్మాస్టరు గారి బెంగకు ఇది కొంత జవాబు.

ఇక ఆ రోజు జరిగినదానికి వద్దాం. తండ్రి రాలేదన్న దుఃఖాన్ని ఆ అబ్బాయి ఎవరికీ చెప్పుకోలేదు. ఊళ్ళో అందరికీ తెలిసిన ఆ సంగతిని పక్కవాడు తరగతిలో ఎత్తిచూపేసరికి తట్టుకోలేకపోయాడు. అంత ఉద్రేకంలో ఉన్న పిల్లవాడి చెవికి మంచిమాట ఎక్కదు. ఆవేశాన్ని నిలువరించే మెదడు భాగం పూర్తిగా పరిపక్వం కావడానికి ఇరవై ఏళ్ళు దాటాలి, వాడికింకా పదమూడు. అప్పుడు నలభై మంది ముందు క్షమాపణ అడిగితే వాడికి అందులో అవమానం ఒక్కటే కనిపిస్తుంది. పరుగెత్తి బయటికి పోవడాన్ని ధిక్కారంగా తీసుకోకండి. ఆ క్షణంలో మళ్ళీ చెయ్యి ఎత్తకుండా ఉండడానికి వాడికి దొరికిన దారి అదొక్కటే కావచ్చు.

మళ్ళీ ఇలాంటిది జరిగితే ముందు ఇద్దరినీ విడదీయండి. గొంతు తగ్గించి, ‘కోపం వచ్చిందని నాకు తెలుస్తోంది. కొట్టడం మాత్రం నేను ఒప్పుకోను. ముందు వెళ్ళి మంచినీళ్ళు తాగి రా, తర్వాత మాట్లాడుకుందాం’ అనండి. ఆ తర్వాత నిజంగానే మాట్లాడాలి, అదీ ఎవరూ లేని చోట, పక్కన కూర్చుని. ‘ఎందుకు కొట్టావు’ అని అడిగితే పిల్లలు సాకు వెతుక్కుంటారు. ‘వాడు ఆ మాట అన్నప్పుడు నీకేమనిపించింది’ అని అడగండి. వెంటనే జవాబు రాకపోవచ్చు. తలొంచుకుని నేల మీద బొటనవేలితో గీతలు గీస్తూ కూర్చున్నా తొందరపెట్టకండి. వాడికి మాట దొరకకపోతే, ‘బాపు వస్తాడని చాలా ఆశ పెట్టుకున్నావు కదా’ అని మీరే అందించవచ్చు. తనకు వచ్చింది కోపమే అనుకుంటున్న పిల్లవాడికి, లోపల బెంగ కూడా ఉందని అలా తెలుస్తుంది. తెలిశాక దాన్ని నోటితో చెప్పుకోవడం కొంత సులువవుతుంది.

ఇంత సానుభూతి చూపితే దెబ్బలు తిన్న పిల్లవాడికి అన్యాయం కాదా అని మీ సహోద్యోగులు అడుగుతారు, అడగాలి కూడా. అందుకే సారీ కన్నా నష్టాన్ని సరిదిద్దడం ముఖ్యం. చింపేసిన నోట్‌బుక్‌లోని పాఠాలను కొత్త పుస్తకంలో తన చేతితో ఎత్తి రాసి ఇవ్వమనండి, కొత్త పుస్తకం బడి ఇవ్వాలి. రాసేటప్పుడు దగ్గర కూర్చోండి. అది అయ్యాక, ఇద్దరికీ ఇష్టమైతేనే, మాట్లాడుకోనివ్వండి. ‘మీ బాపు ఇగ రాడంట’ అన్న పిల్లవాణ్ణి కూడా వదిలేయకూడదు. కొట్టడం ఎంత తప్పో, ఇంటి బాధను ఎగతాళి చేయడం కూడా అంతే తప్పని వాడికీ విడిగా, మర్యాదగా చెప్పండి.

స్టాఫ్ రూములో ‘రెండు తగిలిస్తే’ అన్న సలహా ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుంది. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక శిక్షతో పాటు మానసిక వేధింపును కూడా నిషేధించిందని గుర్తుచేయండి. చట్టం సంగతి పక్కన పెట్టినా, కొట్టవద్దని చెబుతూ మనమే కొడితే, బలమున్నవాడు కొట్టవచ్చన్నదే వాడికి అర్థమవుతుంది.

తల్లి విషయంలో కొంచెం నేర్పు కావాలి. ఖతార్‌లో శుక్రవారం సెలవు కాబట్టి తండ్రి ఆ రోజే వీడియో కాల్ చేస్తూ ఉండవచ్చు. వారమంతా బీడీలు చుట్టి విసిగిన తల్లి కొడుకు తప్పులన్నీ ఆ కాల్‌లోనే ఏకరువు పెడితే, అంత దూరం నుంచి తండ్రి చేయగలిగింది తిట్టడమొక్కటే. అప్పుడు వాడికి మిగిలిన ఆ కాస్త తండ్రి సాన్నిహిత్యం కూడా చీవాట్లలో పోతుంది. కాబట్టి బడి నుంచి ఆమెకు వెళ్ళే మొదటి ఫోన్ ఫిర్యాదు కాకుండా చూడండి. వాడు చేసిన మంచి పని ఏదైనా చిన్నదే చెప్పి, ఆ తర్వాతే సమస్య ఎత్తండి. శుక్రవారం కాల్‌లో కొన్ని నిమిషాలు తండ్రీకొడుకులు చదువు, ఫిర్యాదులు లేకుండా మాట్లాడుకునేలా చూడమని అడగండి. వచ్చే తేదీ ఖాయం కాకపోతే, ఖాయం కాలేదని తండ్రే వాడికి నేరుగా చెప్పడం మేలు.

తరగతి మొత్తానికి ప్రత్యేక పీరియడ్ అక్కరలేదు. ఢిల్లీ ప్రభుత్వ బడుల్లో 2018లో రోజూ ఒక హ్యాపీనెస్ పీరియడ్ పెట్టారు, ఆ సౌకర్యం మీకు లేదు. కానీ మీ చేతిలో తెలుగు వాచకం ఉంది. కథలో పాత్ర అబద్ధమాడిన చోట ఆగి, ‘అప్పుడు వాడి మనసులో ఏముండి ఉంటుంది, మీరైతే ఏం చేసేవారు’ అని అడిగితే సిలబస్‌లో ఉంటూనే పని జరుగుతుంది. పిల్లల సొంత ఇంటి బాధలను మాత్రం అందరి ముందు చెప్పించకండి. మంచి ఉద్దేశంతోనే కొందరు ఉపాధ్యాయులు ఆ పని చేస్తారు, మర్నాటికి ఆ బాధ ఆటస్థలంలో వెక్కిరింత అవుతుంది.

మీ హద్దు ఎక్కడో కూడా తెలుసుకోండి. పిల్లవాడు చచ్చిపోతాననే మాట అన్నా, తనను తాను గాయపరచుకున్నా, వారాల తరబడి నిద్ర, తిండి తగ్గినా అది మీరొక్కరే మోయవలసిన విషయం కాదు. 2022 అక్టోబరులో మొదలైన కేంద్ర ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ నంబరు 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు. ఇంట్లో హింస ఉందని తెలిస్తే పిల్లల సహాయవాణి 1098కి చెప్పాలి. లైంగిక వేధింపు అనుమానం కలిగితే పోలీసులకు తెలియజేయడం, పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం ప్రకారం తప్పనిసరి. అందువల్ల ‘ఎవరికీ చెప్పను’ అని ఏ పిల్లవాడికీ ముందుగా మాట ఇవ్వకండి.

మీ వారి మాటలో సగం నిజముంది. బడి బాధనంతా ఇంటికి మోసుకొస్తే మీ అమ్మాయికి తల్లి మిగలదు. మీరు బడి సంగతి చెప్పినప్పుడు సలహా ఇవ్వకుండా పది నిమిషాలు వినమని ఆయన్ను అడగండి. ఇంటికి రాగానే వంటింట్లోకి దూరకుండా కాసేపు ఒంటరిగా కూర్చోండి, ఆ సమయంలో అమ్మాయిని ఆయన చూసుకోవచ్చు. అకారణంగా కసిరిన రోజు, ‘బడి చిరాకు నీ మీద చూపించాను, తప్పు నాదే’ అని ఆమెతో చెప్పండి. దానికి ఏ సంజాయిషీ జోడించకండి.

హెడ్మాస్టరు గారి దగ్గరికి ఒక కాగితంతో వెళ్ళండి. విశాఖపట్నంలో నీట్ శిక్షణ పొందుతూ మరణించిన విద్యార్థిని కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న విద్యాసంస్థల్లో అర్హత గల కౌన్సెలర్ కనీసం ఒకరుండాలి, సిబ్బందికి ఏడాదికి రెండుసార్లయినా శిక్షణ ఇవ్వాలి. మీ బడిలో ఎంతమంది ఉన్నారో రాసి, కౌన్సెలర్‌ను, శిక్షణను కోరుతూ జిల్లా విద్యాశాఖాధికారికి లేఖ పంపమని అడగండి. చిత్తుప్రతి మీరే రాసిస్తే ఆయన సంతకం పెట్టడం సులువవుతుంది.