సమాధానం: కూర్చోబెడితే ఆయాసం, పడుకుంటే కుదురు

మెడలో సీ6 (ఆరో మెడపూస) దగ్గర వెన్నుపాము దెబ్బతిన్న మీ తమ్ముడికి కూర్చోబెడితే ఆయాసం, పడుకుంటే హాయి అన్నారు. కారణం ఉందండీ. ఊపిరి పీల్చమనే సంకేతం మెదడు అడుగునుండే మజ్జాముఖం నుంచి వెన్నుపాములో దిగి, మెడలోని సీ3, 4, 5 నరాల గుండా డయాఫ్రమ్‌కు, అంటే ఛాతీకీ పొట్టకూ మధ్య ఉండే ఊపిరి కండరానికి చేరుతుంది. దెబ్బ వాటికి కింద కాబట్టి ఆ దారి మిగిలింది. పక్కటెముకల మధ్య కండరాలకు, పొట్ట కండరాలకు మాత్రం అందదు. అందుకే కూర్చుంటే పట్టులేని పొట్ట ముందుకు జారి, డయాఫ్రమ్ చదునై బలం తగ్గుతుంది. లేపేముందే, పడుకోబెట్టి పొట్టకు బైండర్ (వెడల్పాటి బిగుతు పట్టీ) కట్టండి. అది పక్కటెముకల మీదికి ఎక్కితే ఊపిరికే అడ్డం.

కఫం బయటికి రావడానికి, తను నిండుగా పీల్చి దగ్గే క్షణంలోనే బొడ్డుకు కాస్త పైన అరచేత్తో లోపలికి, పైకి నొక్కాలి. ముందు ఫిజియోథెరపిస్టు ఎదుట నేర్చుకోండి, తిన్న వెంటనే మాత్రం వద్దు. మగతగా ఉన్నా, పెదాలు నీలమైనా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.