ఫిలిప్పీన్స్‌లో మిషనరీ కుర్రాడి రోజు ఎలా గడుస్తుంది?

మీ తమ్ముడికి ఫిలిప్పీన్స్‌కి మిషన్ కాల్, అంటే మతప్రచార సేవకి చర్చి పిలుపు వచ్చిందని, అక్కడ రెండేళ్లు ఏం తింటాడో, ఎవరితో ఉంటాడో, రోజంతా ఏం చేస్తాడో తెలియక అమ్మగారు దిగులు పెట్టుకున్నారని రాశారు. నేను రాజమండ్రి నుంచి వెళ్లి 2017-19లో అక్కడి సెబు మిషన్‌లో పనిచేశాను. ప్రసంగాల్లో చెప్పే సంగతులు మీకు చర్చిలో ఎలాగూ వినబడతాయి కాబట్టి రోజువారీ సంగతులే రాస్తాను. మన సంఘం పేరు చాలామందికి తెలియదు, మోర్మన్లు అంటేనే గుర్తుపడతారు. మీరూ అదే మాట వాడారు, ఇబ్బందేమీ లేదు.

అమ్మగారికి ముందుగా చెప్పాల్సింది, మీ తమ్ముడు అక్కడ ఒంటరిగా ఉండడు. కంపానియన్ అని ఇంకో మిషనరీ ఎప్పుడూ పక్కనే ఉంటాడు. ఒకే ఇల్లు, ఒకే వంట. బజారుకి వెళ్లినా, డాక్టర్ దగ్గరికి వెళ్లినా ఇద్దరూ కలిసే వెళ్లాలి. స్నానాల గది తప్ప ఇంకెక్కడా విడిగా ఉండే వీల్లేదు. ఎవరితో ఎవరుండాలో ఆ ప్రాంతం మిషనరీలందరికీ పెద్ద అయిన మిషన్ ప్రెసిడెంట్ నిర్ణయిస్తారు. ఆరు వారాలకోసారి ట్రాన్స్‌ఫర్లు ఉంటాయి. అప్పుడు ఊరు మారొచ్చు, కంపానియన్ మారొచ్చు, ఒక్కోసారి ఏదీ మారకపోవచ్చు. నాతో అమెరికాలోని ఐడహో నుంచి వచ్చిన అబ్బాయి ఉన్నాడు, టోంగా దీవుల అబ్బాయి ఉన్నాడు, ఫిలిప్పీన్స్ దక్షిణాన ఉన్న మిందనావ్ దీవిలో రైతు ఇంట్లో పుట్టినవాడూ ఉన్నాడు. మిషన్ అంటే తలుపులు తట్టడం, తిరస్కారాలు భరించడం అనుకుని చాలామంది భయపడతారు. నన్నడిగితే అసలు కష్టం అది కాదు. ముక్కూమొహం తెలియని మనిషితో రోజుకి ఇరవై నాలుగ్గంటలూ సఖ్యంగా ఉండటమే కష్టం. ఆ రెండేళ్లలో నాకు ఎక్కువ మేలు చేసింది కూడా అదే.

దీనికి ఒక మంచి ఏర్పాటుంది. వారానికోసారి ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని ఆ వారం ఏది బాగుంది, ఏది బాగాలేదు, నా వల్ల నీకేం ఇబ్బంది అని ఒకరినొకరు అడగాలి. ప్రార్థనతో మొదలుపెట్టి ప్రార్థనతో ముగిస్తారు. 2017 డిసెంబర్‌లో, సరిగ్గా క్రిస్మస్‌కి ముందు, వింటా తుఫాను మిందనావ్‌ని ముంచేసింది. అప్పట్లో ఇంటికి ఫోన్ అంటే ఏడాదికి రెండుసార్లే, క్రిస్మస్‌కి ఒకసారి, మదర్స్ డేకి ఒకసారి. నా మిందనావ్ కంపానియన్ క్రిస్మస్ రోజు ఎన్నిసార్లు ప్రయత్నించినా వాళ్ల ఊరికి లైను కలవలేదు. నాకు ఇంటికి కలిసింది. నేను తెలుగులో అమ్మతో మాట్లాడుతుంటే అతను పక్కన కూర్చుని చొక్కా గుండీ కుట్టుకుంటున్నాడు. విషయం చెప్పగానే అమ్మ, ఫోన్ ఆ బాబుకివ్వు అంది. మా అమ్మకి తెలుగు తప్ప వేరే భాష రాదు. "తిన్నావా నాన్నా, మీవాళ్లకేం కాదు, దేవుడున్నాడు" అని చెప్పుకుంటూ పోయింది. అతను ప్రతి మాటకీ ఇంగ్లీషులో "ఎస్ మదర్" అన్నాడు. ఆ తర్వాత రెండు రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. వారాంతపు మాటలకి కూర్చున్నప్పుడు గానీ బయటపడలేదు, వాళ్ల నాన్నకి గుండెజబ్బు ఉందట, మందులు అందుతున్నాయో లేదోనని భయమట. ఆ సాయంత్రమే మిషన్ ప్రెసిడెంట్‌కి ఫోన్ చేశాం. అక్కడి చర్చివాళ్లు కనుక్కుని, అందరూ క్షేమమని, ఇంట్లోకి నీళ్లు వచ్చి వెళ్లాయని మర్నాడు కబురు చెప్పారు. ఆ వారాంతపు మాటలే లేకపోతే అతను ఆ భయాన్ని ఇంకెన్నాళ్లు లోపలే దాచుకునేవాడో!

ఇప్పుడు ఫోన్ల బాధ లేదని అమ్మగారికి చెప్పండి. 2019 ఫిబ్రవరి నుంచి వారానికోసారి ఇంటికి ఫోన్ గానీ వీడియో కాల్ గానీ చేసుకోవచ్చని చర్చి అనుమతిచ్చింది. నా మిషన్ చివర్లో ఆ కబురు వచ్చినప్పుడు టోంగా అబ్బాయి ఎగిరి గంతేశాడు.

ఇక దినచర్య. ఉదయం ఆరున్నరకి లేవాలి. అరగంట వ్యాయామం, స్నానం, టిఫిన్, తర్వాత లేఖనాల చదువు, భాష చదువు, ఇద్దరూ కలిసి ఆ రోజు పాఠాలకి తయారీ. పదింటికి అటూ ఇటూగా బయటపడతారు. రాత్రి తొమ్మిది, తొమ్మిదిన్నరకల్లా ఇంట్లో ఉండాలి. పదిన్నరకి లైట్లు ఆర్పాలి. టీవీ ఉండదు, సినిమాలుండవు, ఈతకి వెళ్లకూడదు, అమ్మాయిలతో స్నేహాలు కుదరవు. నెలలో మొదటి ఆదివారం రెండు పూటలు ఉపవాసం. మొదటి వారం ఇదంతా జైలులా అనిపించొచ్చు. నెల తిరిగేసరికి పొద్దున్నే మెలకువ దానంతటదే వస్తుంది.

సెబులో బయట తిరగడమంటే ఎండలో నడక, లేదంటే జీప్నీ అనే షేర్ బండి. జీప్నీలో డబ్బులు ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి మారుతూ డ్రైవర్‌కి చేరతాయి. దిగాలంటే "లుగార్ లాంగ్" అని గట్టిగా అనాలి. ఇళ్లకి కాలింగ్ బెల్ ఉండదు. గేటు బయట నిలబడి "ఆయో!" అని పిలుస్తాం. లోపల ఎవరైనా ఉంటే ముందు కుక్క వస్తుంది, తర్వాత పిల్లలు, ఆ తర్వాత పెద్దవాళ్లు. ఇష్టం లేనివాళ్లు కూడా మొహం మీద తలుపు వేయరు. "సునొద్ నా లాంగ్", అంటే మళ్లీ చూద్దాంలే అంటారు. మన దగ్గరా అంతే కదా, కుదరదని సూటిగా చెప్పడం మనకీ చేతకాదు.

ఇక్కడ మీ తమ్ముడికి ముందే చెప్పి ఉంచాల్సిన విషయం ఒకటుంది. ఫిలిప్పీన్స్‌లో భారతీయుడు కనిపిస్తే చాలామందికి మొదట గుర్తొచ్చేది వడ్డీ వ్యాపారమే. మన పంజాబీలు అక్కడ తరాలుగా స్థిరపడ్డారు. వాళ్లలో కొందరు మోటార్‌సైకిల్ మీద వీధి వీధీ తిరిగి చిన్న వ్యాపారులకి అప్పులిస్తారు. దాన్ని ఫైవ్-సిక్స్ అంటారు, ఐదు తీసుకుంటే ఆరు కట్టాలి. అలాంటివాళ్లని బుంబాయ్ అంటారు. అల్లరి చేస్తే బుంబాయ్ వచ్చి సంచిలో వేసుకుపోతాడని తల్లులు పిల్లల్ని భయపెడతారు. ఇదేమీ తెలియకుండా నేను వెళ్లాను. మొదట్లో ఒక సందులోకి అడుగుపెట్టగానే చిన్న కిరాణా కొట్టు నడిపే ఆవిడ నన్ను చూసి చెక్క తలుపు దించేసింది. పక్కింట్లో పిల్లాడు ఏడుపు లంకించుకున్నాడు. తెల్లచొక్కా, టై, ఛాతీ మీద నల్ల నేమ్ ట్యాగ్ ఉన్నా వాళ్లకి అవేవీ కనబడలేదు, నా రంగూ మొహమూ తప్ప. ఐడహో అబ్బాయి పక్కన ఉంటే, అమెరికన్లని పిలిచినట్టు "హే జో!" అని అతనికి చేతులూపేవాళ్లు, నన్ను చూసి తలుపులేసుకునేవాళ్లు. బాధ వేసింది. తర్వాత నా ట్రైనర్, అంటే పని నేర్పే మొదటి కంపానియన్, ఒక ఉపాయం నేర్పాడు. గేటు దగ్గర "ఆయో" తర్వాత నా మొదటి మాటగా, "బాకీ వసూలుకి రాలేదమ్మా, దేవుడి మాట చెప్పడానికి వచ్చాను" అని అక్కడి భాష సెబువానోలో అనమన్నాడు. అనగానే లోపల్నుంచి నవ్వు వినబడేది, తలుపు తెరుచుకునేది. ఆ కిరాణా ఆవిడ మా పాఠాలు ఎన్నడూ వినలేదు గానీ, ఎండలో పోతుంటే పిలిచి చల్లటి నీళ్లిచ్చేది. ఆవిడ అప్పు తీసుకున్నది ఎవరి దగ్గరో, ఎందుకో మెల్లగా తెలిసింది. కొడుకు కాలేజీ ఫీజు కోసమట. ఆ తలుపు ఎందుకు దించిందో అప్పుడర్థమైంది, కోపం పోయింది.

నిజానికి రోజులో ఎక్కువసేపు మేం చెప్పేదానికన్నా వినేదే ఎక్కువ. దుబాయ్‌లోనో సౌదీలోనో పనిచేసే భర్త గురించి, ముసలి తల్లి గురించి, పంట గురించి చెబుతారు. గోదావరి జిల్లాల నుంచి గల్ఫ్‌కి వెళ్లిన ఆడవాళ్ల ఇళ్లు చూసినవాణ్ని కాబట్టి ఆ మాటలు నాకు కొత్త కాదు. ఇల్లు కట్టుకునేవాళ్లకి సిమెంట్ ఇటుకలు మోశాం, వరికోతల్లో సాయం చేశాం. ఎంతమందికి బాప్తిస్మం ఇచ్చావని తిరిగొచ్చాక చాలామంది అడుగుతారు. ఆ లెక్కతో మిషన్‌ని కొలవడం నాకు నచ్చదు. ఒక ఇంట్లో తండ్రి తాగుడు మానేసి పిల్లలతో కలిసి కూర్చుని ప్రార్థన చేయడం నేను కళ్లారా చూశాను. దేవుడు పనిచేస్తాడని నాకు నమ్మకం కుదిరింది అలాంటి ఇళ్లలోనే.

తిండి గురించి అమ్మగారు నిశ్చింతగా ఉండొచ్చు. మూడు పూటలా అన్నమే. సెబులో కొబ్బరాకు అల్లి చేసిన చిన్న పొట్లంలో బియ్యం పోసి ఉడికిస్తారు, దాన్ని పుసో అంటారు. గుత్తులుగా వేలాడదీసి అమ్ముతారు, కత్తితో అడ్డంగా కోసి తినడమే. మునగాకు ప్రతి పెరట్లోనూ ఉంటుంది, కమున్గాయ్ అంటారు, చారులాంటి పులుసుల్లో వేస్తారు. ఎండుచేపలు ఉంటాయి, చింతపండు పులుపు ఉంటుంది. లేనిదల్లా కారం. సంతలో చిట్టి మిరపకాయలు దొరుకుతాయి, వాటిని నలుపుకుంటే సరిపోతుంది. పంది మాంసం చాలా ఎక్కువ తింటారు. అలవాటు లేకపోతే నెమ్మదిగా చెబితే ఏమీ అనుకోరు. టీ, కాఫీ మనకి ఎలాగూ నిషిద్ధం కాబట్టి వెళ్లిన ప్రతి ఇంట్లోనూ మైలో అనే చాక్లెట్ పొడి కలిపిస్తారు. సెబు, దవావో నగరాల్లో ఎంబీబీఎస్ చదివే తెలుగు పిల్లలు చాలామంది ఉన్నారు. ఒకసారి జీప్నీలో నా నేమ్ ట్యాగ్ మీద ఇంటిపేరు చదివి, "అన్నా, మీది ఆంధ్రానా?" అని ఒకబ్బాయి అడిగాడు. దిగేలోపు తన సంచిలోంచి గోంగూర పచ్చడి సీసా తీసి నా చేతిలో పెట్టాడు.

సోమవారం మాకు సెలవులాంటిది, పి-డే అంటారు. బట్టలు ఉతుక్కోవడం, సరుకులు, జుట్టు కత్తిరింపు, ఇంటికి ఈమెయిల్ అన్నీ ఆ రోజే. బకెట్టు, మగ్గు, సబ్బు బిళ్ల అన్నీ మన ఇంట్లో ఉన్నట్టే ఉంటాయి. అమెరికా పిల్లలకి చొక్కా కాలర్ చేత్తో ఎలా రుద్దాలో మనవాళ్లే నేర్పుతారు.

డబ్బు విషయం. ఇంటి అద్దె మిషన్ చూసుకుంటుంది. తిండికి, ప్రయాణాలకి ప్రతి నెలా కార్డులో కొంత వేస్తారు, పొదుపుగా వాడుకుంటే సరిపోతుంది. అమెరికా కుటుంబాలు అప్పట్లో నెలకి 400 డాలర్లు కట్టేవి, 2020 జులై నుంచి 500 అయింది. మనలాంటి దేశాల్లో కుటుంబం స్తోమతను బట్టి కడతారు, మిగతాది చర్చి నిధి నుంచి వస్తుంది. మీ ఊరి సంఘం పెద్ద, అంటే బ్రాంచ్ ప్రెసిడెంట్‌తో మొహమాటపడకుండా మాట్లాడండి.

ఇంకో విషయం, ఇది మీ ఇంట్లో అందరూ వినాలి. కొంతమంది పిల్లలు ఆరోగ్యం దెబ్బతినో, మనసు కుదుటపడకో రెండేళ్లు పూర్తికాకుండానే తిరిగొస్తారు. మన దగ్గర నలుగురూ ఏమనుకుంటారో అన్న టెన్షన్ ఎక్కువ. ఆ భయంతోనే డెంగీ జ్వరాన్ని, నిద్ర పట్టకపోవడాన్ని, దిగులుని దాచిపెట్టిన పిల్లల్ని చూశాను. ఎప్పుడొచ్చినా ఇల్లు నీదేనని ఎయిర్‌పోర్టుకి బయలుదేరకముందే మీ తమ్ముడికి చెప్పండి. ఆ మాట విన్నవాడు అక్కడ మరింత ధైర్యంగా నిలబడతాడు, నా అనుభవంలో తేలిందిదే. వారం వారం ఫోన్ చేసినప్పుడు ఇంట్లో గొడవలు, అప్పులు పూసగుచ్చినట్టు చెప్పకండి, అలాగని పూర్తిగా దాచకండి. కంపానియన్‌ని కూడా వీడియోలోకి పిలవమని అమ్మగారితో చెప్పించండి. వాడికి తల్లి ఉందో లేదో మనకి తెలియదు కదా.

సామాన్లలో దేనికి తగ్గినా బూట్లకి తగ్గకండి. మందమైన అడుగు, నీళ్లకి పాడవని తోలు ఉన్నవి రెండు జతలు కొనండి, వర్షాకాలంలో ఒక జత ఆరుతుంటే ఇంకోటి వేసుకోవాలి. తెల్లచొక్కాలు అక్కడే చవకగా దొరుకుతాయి. మిషనరీల శిక్షణ కేంద్రం మనీలాలోని మన చర్చి దేవాలయానికి ఎదురుగానే ఉంటుంది. భాష నేర్చుకోవాల్సినవాళ్లకి నేను వెళ్లినప్పుడు అక్కడ సుమారు ఆరు వారాలుండేది. ఇప్పుడు అందులో కొంత భాగం ఇంటి నుంచే ఆన్‌లైన్‌లో పెడుతున్నారు.

మీ తమ్ముడికి ఏ మిషన్ వచ్చిందో మీరు రాయలేదు. సెబు, దవావో వైపయితే సెబువానో, ఇలోయిలో వైపయితే హిలిగైనాన్, ఉత్తరాదికైతే ఇలొకానో, మనీలా చుట్టుపక్కలైతే తగలోగ్ ఎక్కువ వాడతారు. ఊరి పేరు చెప్పండి. సెబువానో అయితే నా పాత నోటు పుస్తకంలో గేటు దగ్గర మాట్లాడే మాటలన్నీ తెలుగు లిపిలో రాసుకున్నవి ఉన్నాయి, ఫొటోలు తీసి పెడతాను.