చెరువు గడ్డి తినే ఆవులకు ఆగని పారుడు

ప్రశ్న: బెంగళూరులో వర్తూరు దగ్గర నాలుగు సంకరజాతి ఆవులను మేపుతున్నాను. రెండు ఆవులు ఇరవై రోజులుగా గంటకోసారి పలుచగా, కంపుకొట్టే పేడ వేస్తున్నాయి. జ్వరం లేదు, మేత మానలేదు, పాలు మాత్రం తగ్గాయి. మందుల షాపులో ఇచ్చిన బిళ్ళలు వేస్తే రెండు రోజులు ఆగి మళ్ళీ మొదలవుతోంది. చెరువు గడ్డి, హోటల్లో మిగిలిన అన్నం పెడుతున్నాను.

జవాబు: ఆవు రోజుకు 10 నుంచి 15 సార్లు పేడ వేయడం మామూలే. మీ ఆవులది ఆ లెక్క దాటింది, పైగా పలుచన, కంపు. జ్వరం లేకుండా ఇన్నాళ్ళు సాగుతోందంటే నా మొదటి అనుమానం పొట్ట జలగల మీద, అంటే పశువు కడుపులో చేరే ఒక రకం పురుగుల మీద. చెరువులోని నత్తల్లో పెరిగిన జలగ పిల్లలు నీటి అంచున గడ్డి మొదళ్ళకు అంటుకుని ఉంటాయి. గడ్డితో కడుపులోకి వెళ్ళి చిన్న పేగును గీరి పారుడు తెస్తాయి. దవడ కింద తడిమి చూడండి. మెత్తగా నీరు దిగి ఉంటే అనుమానం బలపడినట్టే.

పేడ పరీక్షలో గుడ్లు కనబడలేదని జలగలు లేవనుకోవద్దు. ఎక్కువ హాని చేసేవి ఇంకా గుడ్లు పెట్టే వయసుకు రాని పిల్ల జలగలే. పరీక్షకు హెబ్బాళ పశువైద్య కళాశాల మీకు అందుబాటులోనే ఉంది. మామూలుగా వాడే పురుగుల మందు ఆల్బెండజోల్ వీటిపై సరిగా పనిచేయదు, ఆక్సిక్లోజనైడ్ వాడాలి. ఆవు బరువు, చూలు చూసి మోతాదు పశువైద్యుడే చెప్పాలి, పాలు ఎన్నాళ్ళు వాడకూడదో కూడా అడగండి. మందు తాగించాక ఒకటి రెండు రోజులు పేడ ఇంకా పలచబడవచ్చు, కంగారు పడకండి. షాపు బిళ్ళలు ఇక ఆపేయండి.

అన్నం సంగతి వేరు. ఒకేసారి బకెట్ల కొద్దీ పెడితే కడుపు పులిసి, పేడ పుల్లటి వాసనతో, నురగతో వస్తుంది. మీరు రాసిన కంపు అలాంటిది కాదనిపిస్తోంది, అయినా వారం రోజులు అన్నం మాని రాగి గడ్డి వేసి చూడండి.

మందు వేసినా నెలల తరబడి పారుతూ, బాగా తింటూనే ఆవు చిక్కిపోతుంటే జోన్స్ వ్యాధికి (పేగులకు వచ్చే మొండి అంటువ్యాధి) పరీక్ష చేయించాలి. దానికి చికిత్స లేదు. పరీక్ష ఫలితం తేలేవరకు ఆ ఆవు పేడ దూడల మేతకు, నీళ్ళకు తగలనివ్వకండి.

చెరువు గడ్డి మానడం కుదరకపోతే నీటికి జానెడు పైన కోసి, బాగా ఎండబెట్టి వేయండి. మిగతా రెండు ఆవులూ అదే గడ్డి తింటున్నాయి కాబట్టి వాటినీ డాక్టరుకు చూపించండి.