స్లైడ్లంటే ప్రాణమైన అమ్మాయికి ఏ దారి?

ప్రశ్న: బెంగళూరు మారతహళ్లిలో ఉంటాం. మా అమ్మాయి సెకండ్ పీయూసీ (ఇంటర్ రెండో ఏడు). కణజాలాల పేర్లు ఎంత బట్టీ పట్టినా మర్నాటికి మర్చిపోతోంది. ల్యాబులో స్లైడు పెడితే మాత్రం మైక్రోస్కోపు వదలదు. ఎంబీబీఎస్ సీటు రాకపోతే ఈ ఇష్టం దేనికైనా పనికొస్తుందా? – ఒక తల్లి

జవాబు: తప్పకుండా పనికొస్తుందమ్మా. ఆసుపత్రిలో కణజాలాన్ని మైక్రోస్కోపులో చూసి రోగం తేల్చే హిస్టోపథాలజీ అనే విభాగం నడిచేదే స్లైడ్ల మీద.

ముందు మరుపు సంగతి. బట్టీ మాన్పించండి. కణజాలాలు నాలుగే రకాలు. ఒక్కోదాన్నీ "నీ పనేమిటి?" అని అడగమనండి. ఊపిరితిత్తుల గాలిగదుల్లో ఆక్సిజన్ ఇట్టే దాటాలి, అందుకే అక్కడ ఉపకళా కణజాలం (అవయవాలను పైనా లోపలా కప్పే పొర) పల్చటి ఒంటి వరస. చర్మం రోజంతా రాపిడికి ఓర్చుకోవాలి, అందుకే వరస మీద వరస. ఎముకా రక్తమూ ఒకే గుంపేమిటని పిల్లలు తికమకపడతారు. రెండింటిలోనూ కణాల మధ్య ఖాళీని నింపే పదార్థం, అంటే మాత్రిక ఉంటుంది. ఎముకలో అది గట్టిది, రక్తంలో ద్రవం. అందుకే రెండూ సంయోజక (కనెక్టివ్) కణజాలాలే. ఇక కండరం సంకోచిస్తుంది, నాడి సంకేతాలు మోస్తుంది.

ఈ పాఠం పరీక్షతో పోయేది కాదు. ల్యాబు టెక్నీషియన్లు గడ్డలోంచి తీసిన ముక్కను (బయాప్సీ) కుళ్లిపోకుండా ఫార్మలిన్‌లో ఉంచి, ఆల్కహాల్‌తో నీరు లాగేసి, మైనంలో బిగించి, మైక్రోటోమ్ అనే కోత యంత్రంతో 3 నుంచి 5 మైక్రాన్ల పొరలుగా కోస్తారు. హెమటాక్సిలిన్ అనే రంగు వేస్తే కేంద్రకాలు నీలంగా, ఇయోసిన్ అనే రంగు వేస్తే మిగతాది గులాబీగా కనిపిస్తుంది. ఉపకళలో పుట్టిన క్యాన్సర్ కార్సినోమా, ఎముకలోనో కండరంలోనో పుడితే సార్కోమా. పేరు మారితే చికిత్సా మారుతుంది. పొర ముడతపడిందంటే స్లైడు చూసి రోగం తేల్చే డాక్టరుకు, అంటే ఎంత అనుభవమున్న పథాలజిస్టుకైనా చదవడం కష్టమే. టెక్నీషియన్ పనిని ఎవరైనా చిన్నచూపు చూస్తే నేను ఒప్పుకోను.

నీట్ 720 మార్కుల్లో 360 బయాలజీవే, కాబట్టి ఆ ప్రయత్నం ఆపొద్దు. సీటు రాకపోతే బీఎస్సీ ఎంఎల్‌టీ (మెడికల్ ల్యాబ్ టెక్నాలజీ) ఉంది. కర్ణాటకలో రాజీవ్ గాంధీ ఆరోగ్య విశ్వవిద్యాలయం పరిధిలోని కాలేజీలు చూడండి. సొంత ఆసుపత్రి, రోజూ బయాప్సీలు వచ్చే ల్యాబు ఉన్నచోటే చేర్పించండి. భవనం చూసి మోసపోవద్దు. ఒక్క మాట అమ్మాయికి ముందే చెప్పాలి: ఎంఎల్‌టీ చదివితే స్లైడు తయారుచేస్తారు, రోగం తేల్చేది మాత్రం పథాలజిస్టే. దానికి ఎంబీబీఎస్, ఆపైన ఎండీ తప్పవు.

మన ఊళ్లోనే మెదడు, నాడుల, మానసిక వ్యాధుల ఆసుపత్రి నిమ్హాన్స్‌లో మెదడు మ్యూజియం ఉంది. సందర్శన వేళలు కనుక్కుని, ఈ నెలలోనే ఒకసారి తీసుకెళ్లండి. అక్కడ అమ్మాయి దేని ముందు ఎక్కువసేపు నిలబడుతుందో గమనించి, నాకు మళ్లీ రాయండి.